పిలుపు బయట, తీర్పు లోపల

పాత కోర్టు వరండాలో ఉద్యోగకాలమంతా ఇతరుల పేర్లు పిలిచిన మనిషికి ఆ పేటలో సొంత పేరు మిగలలేదు. వకీళ్ళు, గుమాస్తాలు, వాయిదాలకు తిరిగే జనం, ఎదుటి తపాలా కార్యాలయంలో కిటికీల వెనక కూర్చునేవాళ్ళు, అందరూ ఆయన్ని కంచు అనే అన్నారు. ఎదురుపడితే కంచుగారు, అటు తిరగగానే వట్టి కంచు. అందులో ఆయనకు చిన్నతనమేమీ కనిపించలేదు. ప్రభుత్వం ఇచ్చిన హోదా కంటే అది నయమే. ఆ హోదా పేరు 'చివరి తరగతి సిబ్బంది'. గొంతుకు తరగతులు ఉండవని ఆయన నమ్మకం.

లోపలి నుంచి గుమాస్తా చీటీ అందించగానే గుమ్మం దాటి వచ్చి, అందులోని పేరును తండ్రి పేరుతో కలిపి మూడుసార్లు పిలవడం ఆయన పని. మొదటి పిలుపు మెట్ల వైపు, రెండోది ముంగిట్లోకి, మూడోది గేటు అవతల టీకొట్టు దాకా. మూడింటికీ ఎవరూ పలకకపోతే లోపలికి వెళ్ళి "లేరండీ" అనాలి. ఆ ఒక్క మాటతో ఒకరి ఇల్లు చేజారవచ్చు, మరొకరి మీద వారంటు పుట్టవచ్చు. అందుకని రెండో పిలుపుకూ మూడో పిలుపుకూ నడుమ కంచుకు ఎప్పుడూ దగ్గు వచ్చేది. రుమాలు తీసి, మూతి తుడుచుకుని, దాన్ని మడిచి తిరిగి జేబులో పెట్టుకునేసరికి ఎవరో ఒకరు రొప్పుతూ మెట్లెక్కేవారు. న్యాయమూర్తులు మారారు గాని ఆ దగ్గు మారలేదు. మందు వేసుకోమని ఏ న్యాయమూర్తీ చెప్పలేదంటే, వాళ్ళలోనూ మనుషులు ఉండేవారని అనుకోవాలి.

ఆ గొంతు కోర్టులో పుట్టింది కాదు. తల్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పనికి పోయేది, తండ్రి సరుకు లారీల మీద ఊళ్ళు తిరిగేవాడు. పొద్దు వాలేవేళకు తమ్ముణ్ణి ఇంటికి చేర్చే భారం పెద్దవాడిది. తమ్ముడేమో రైలుకట్ట అవతల గోదాముల్లో, బస్తాల మాటున, పిలిస్తే వినపడనంత దూరంలో ఆడుకునేవాడు. వాకిట్లో నిలబడి రైలుకట్ట దాటేట్టు తమ్ముడి పేరు పిలిచీ పిలిచీ ఆ గొంతుకు ఆ సాగుడు వచ్చింది. తరవాత అదే గొంతు ఆయనకు అన్నం పెట్టింది. తమ్ముడు సూది పట్టాడు. కోర్టు పక్క సందులో వకీళ్ళకు నల్లకోట్లు, గౌన్లు కుట్టే కొట్టు పెట్టుకున్నాడు. మధ్యాహ్నం కోర్టు లేచినప్పుడు కంచు క్యారియరు పట్టుకుని సందులోకి నడిచేవాడు. అన్నదమ్ములిద్దరూ కత్తిరింపుల బల్ల మీద, గుడ్డముక్కలు పక్కకు నెట్టి, కలిసి తినేవారు. ఉద్యోగం అయిపోయినా, కోర్టు ఊరి బయట అద్దాల భవనానికి తరలిపోయినా, ఆ భోజనం మాత్రం ఆగలేదు. ఆ కొత్త కోర్టులో ఇప్పుడు పేర్లను తెర మీద వేస్తున్నారట. తెరకు దగ్గు రాదు.

ఇలా ఉండగా నగరపాలక సంస్థకు వారసత్వం గుర్తుకొచ్చింది.

పాత పాలనా భవనాలున్న ఆ పేటను జనం తమంతట తామే తిరిగి చూసేలా 'నడచి చూడండి' అనే ఏర్పాటు ఒకటి చేశారు. మార్గదర్శి ఉండడు. పురభవనం గడియారం కింద మొదలుపెట్టి, కాలిబాటలో పొదిగిన ఇత్తడి బిళ్ళల వెంట నడుచుకుంటూ పోతే ఖజానా, నీటి సరఫరా కార్యాలయం, రిజిస్ట్రారు ఆఫీసు, తపాలా, కోర్టు, చివరికి గ్రంథాలయం. ప్రతి మజిలీ దగ్గరా నడుము ఎత్తున ఒక రాతి దిమ్మె, దాని మీద ఒక మీట. నొక్కితే ఆ భవనం కథ వినిపిస్తుంది. మడతల కరపత్రం ఒకటి ఉచితంగా ఇస్తారు. దాన్ని ఒక్కసారి శ్రద్ధగా చదివినవారికి ఒళ్ళు మండక మానదు. ఖజానా తలుపుల కలప ఏ అడవి నుంచి వచ్చిందో అందులో ఉంది. ఆ తలుపులు పొద్దున్నే తెరిచి సాయంత్రం మూసిన మనిషి సంగతి లేదు. పురభవనం మెట్ల పాలరాయి ఏ ఓడలో దిగిందో ఉంది. దాన్ని భుజాల మీద మోసినవాళ్ళ సంగతి లేదు. భవనాలు తమంతట తామే లేచి, తమంతట తామే పనిచేసి, తమంతట తామే విశ్రాంతి తీసుకున్నట్టు రాశారు. ఒక్క కోర్టు దగ్గర మాత్రం వారికి మనిషి గొంతు కావాలనిపించింది. అనిపించకపోయి ఉంటే బాగుండేది.

వారసత్వ విభాగం అధికారిణి, వయసులో కంచు మనవరాలంత అమ్మాయి, రికార్డింగు చేసే మనిషిని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చింది.

"తాతగారూ, మీరు అప్పట్లో ఎలా పిలిచేవారో అలాగే ఒక్కసారి పిలవండి, చాలు."

"ఎవర్ని?"

"ఎవర్నైనా."

"ఎవర్నైనా అంటే ఎవరమ్మా? చీటీ ఏదీ?"

"చీటీ లేదండీ. ఊరికే ఏదో ఒక పేరు."

"ఊరికే పిలిస్తే ఆ పేరున్నవాడు ఈ ఊళ్ళో ఉండడా? దారిన పోతూ విని, నా మీద కేసెప్పుడు పడిందిరా దేవుడా అని గుండె పట్టుకోడా?"

"పోనీ, లేని పేరు ఒకటి కల్పించండి."

"లేని పేరుకి తండ్రెవరు?"

రికార్డింగు మనిషి నవ్వు ఆపుకోలేక యంత్రం మీదకు వంగాడు. అమ్మాయి మాత్రం ఓపికగా అడిగింది. "వాదిగా పిలుస్తారా, ముద్దాయిగానా?"

"వాదుల్ని పిలవక్కర్లేదమ్మా, వాళ్ళు తెల్లారేసరికే వచ్చి గుమ్మంలో కాసుకుంటారు. పిలిచేదంతా ముద్దాయిల్నే."

"అయితే ముద్దాయే. అప్పుడే నిజంగా ఉంటుంది."

చీటీలో లేని పేరు ఆ నోట ఎన్నడూ రాలేదు. బయటివాడి పేరు పిలిస్తే వాడికి అపకారం. ఇంట్లోవాడి పేరైతే ఎవరికేం? ఆ లెక్కన ఆలోచించాడో, ఆలోచన కంటే ముందే నోరు తన పాత తోవ పట్టుకుందో, ఆయనకే తెలియదు. కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చి, 'ముద్దాయి' అని మొదలుపెట్టి తమ్ముడి పేరు, వెంటనే తండ్రి పేరు, మూడుసార్లు పిలిచాడు. కిటికీ రెక్కలు అదిరాయి.

"అబ్బ! ఒళ్ళు జల్లుమందండీ," అంది అమ్మాయి. "ఎవరిదండీ ఆ పేరు?"

"మనవాడిదేలే అమ్మా," అన్నాడు కంచు, చొక్కా సర్దుకుంటూ.

ప్రారంభం రోజున భార్యను వెంటబెట్టుకుని ఆయన మొదటి బిళ్ళ నుంచే నడక మొదలుపెట్టాడు. నేరుగా కోర్టుకు పోదామంటే ఒప్పుకోలేదు. పురభవనం దగ్గర మీట నొక్కి గడియారం కథ విన్నాడు, ఖజానా దగ్గర ఇనుపపెట్టెల కథ విన్నాడు, నీటి కార్యాలయం ముందు ఎండిపోయిన ఫౌంటెను పక్కన నిలబడి నీళ్ళ కథ కూడా విన్నాడు. అన్నిటిలోనూ ఒకే ఆడగొంతు, చక్కెర కలిపినట్టు. "చూస్తూ ఉండు, మన దగ్గరికి వచ్చేసరికి వీళ్ళందరూ ఉలిక్కిపడతారు," అని భార్యతో రెండుసార్లు అన్నాడు. కోర్టు దిమ్మె చుట్టూ అప్పటికే గుంపు ఉంది. ఎవరో మీట నొక్కారు. ఆ గొంతు లేచింది. పావురాలు చూరు వదిలి ఎగిరాయి. జనం నిజంగానే ఉలిక్కిపడ్డారు.

భార్య మాత్రం ఉలిక్కిపడలేదు. ఆమె ముఖంలో నెత్తురు లేదు.

"ఎవరి పేరండీ అది?"

"విన్నావుగా. చిన్నోడిది."

"ముద్దాయి అనా?"

"అలా అంటేనే నిజంగా ఉంటుందని ఆ అమ్మాయి..."

"మీకు మతి ఉండే చేశారా? ఆ పేరు ఆ వరండాలో ఒకసారి పిలిచారు. అది చాలలేదా?"

కంచుకు ఒక క్షణం నిజంగా అర్థం కాలేదు. అందులోనే ఆయన జీవితమంతా ఉంది. తమ్ముడు కొట్టు పెట్టక ముందు ఒక బట్టల యజమాని దగ్గర పనిచేసేవాడు. నల్లగుడ్డ తాను ఒకటి మాయమైతే ఆ యజమాని తమ్ముడి మీద దొంగతనం కేసు పెట్టాడు. కంచు అప్పటికి ఉద్యోగంలో కొత్త. వాయిదా రోజున చీటీ అందింది, ఆయన పిలిచాడు, తమ్ముడు మెట్లెక్కి వచ్చాడు. సాయంత్రానికల్లా నిర్దోషి అని తేలింది. కోర్టు మనుషులకు ఒక జబ్బు ఉంటుంది. విడుదలైన కేసు వాళ్ళ దృష్టిలో అసలు కేసే కాదు. కాగితం కట్టేసి అటక మీద పడేస్తే అది జరగనట్టే. కంచు ఆ కేసును ఆ సాయంత్రమే మరిచిపోయాడు. ఆయన మనసులో మిగిలింది ఒక్కటే: తమ్ముణ్ణి పిలవాల్సి వచ్చినా తన గొంతు వణకలేదని న్యాయమూర్తి ఆ రోజు మెచ్చుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం క్యారియరు తీసుకుని సందులోకి వెళ్ళాడు. కోర్టు గోడ అవతలే దిమ్మె. గోడ ఇవతలే కొట్టు. తమ్ముడు మిషను మీద ఉన్నాడు, పెదవుల మధ్య రెండు గుండుసూదులు. తల ఎత్తలేదు. కొట్టులో ఒక వకీలు గౌను కొలతలకు నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా, పొద్దుట్నుంచీ నిన్ను పిలుస్తూనే ఉన్నారు, హాజరు కావేం?" అన్నాడు వకీలు, నవ్వుతూ. "ఇంకోసారి పిలిచారంటే వారంటే!"

తమ్ముడు సూదులు తీసి పిన్నుల దిండుకు గుచ్చాడు. వకీలు కొలతలిచ్చి వెళ్ళాడు. గోడ అవతల మళ్ళీ ఎవరో మీట నొక్కారు. కంచు సొంత గొంతు సందులోకి వచ్చి, కొట్టులో దూరి, హ్యాంగర్లకు వేలాడే నల్లకోట్ల మధ్య తిరిగింది.

"వాళ్ళు ఏదో ఒక పేరు అడిగార్రా," అన్నాడు కంచు.

"ఊళ్ళో ఇంకో పేరు లేదా అన్నయ్యా?"

"నువ్వు నిర్దోషివని తేలింది కదరా! న్యాయమూర్తే స్వయంగా చదివాడు. ఇక దానికి మచ్చేమిటి?"

"తీర్పు లోపల చదివారు. గదిలో నలుగురున్నారు, అందులో ఒకడు నిద్రపోతున్నాడు. పిలుపు బయట వినిపించింది. టీకొట్టు దాకా వినిపించింది. నాకు పిల్లనిస్తామన్నవాళ్ళు ఆ టీకొట్టు దగ్గరే ఉన్నారు, గుర్తుందా? తరవాత వాళ్ళు మన గడప తొక్కలేదు. వాళ్ళకి పిలుపు తెలుసు. తీర్పు తెలీదు."

కంచు క్యారియరు బల్ల మీద పెట్టబోయి ఆగాడు.

"ఇంకొకటి చెప్పనా? ఆ రోజు మెట్లెక్కుతూ నేను నీ గొంతే విన్నాను. ఒక్కచోటైనా వణుకుతుందేమోనని విన్నాను. వణకలేదు." తమ్ముడు గుడ్డను సూది కిందకు లాగి మిషను తొక్కాడు. "నువ్వు ఇక మధ్యాహ్నం ఇటు రాకన్నయ్యా. వదినకి చెప్పు, క్యారియర్లో నా వంతు పెట్టొద్దని."

ఆ రోజు నుంచి కంచు కాలు ఒకచోట నిలవలేదు. ఇంట్లో అలమర తెరిచేవాడు, ఎందుకు తెరిచాడో మరిచి మూసేవాడు. భోజనానికి కూర్చుని సగంలో లేచి వాకిట్లోకి పోయేవాడు. "కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు? కూర్చోండి," అనేది భార్య. కూర్చునేవాడు. కూర్చున్న చోట మోకాలు ఆడేది. ఇల్లు కోర్టుకు దూరమే, అక్కడి చప్పుడు ఇక్కడికి వచ్చే ప్రసక్తే లేదు. అయినా ప్రతి కాసేపటికీ తల ఎత్తి వినేవాడు. ఇప్పుడు ఎవరో నొక్కి ఉంటారు. ఇప్పుడు మళ్ళీ.

విభాగానికి వెళ్ళాడు. అమ్మాయి పాపం కుర్చీ వేసి కూర్చోబెట్టింది, మంచినీళ్ళిచ్చింది, విన్నది. కన్నీళ్ళు కూడా పెట్టుకుంది. కన్నీళ్ళు పెట్టుకునే అధికారం ఆమెకు ఉంది గాని మీట తీసేసే అధికారం లేదు. ధ్వనులన్నీ వారసత్వ సంఘం ఆమోదించినవి, ఆ సంఘం మళ్ళీ కొత్త బడ్జెట్టు వచ్చాకే కూర్చుంటుంది. అర్జీ పెట్టుకోమంది. పెట్టాడు. జవాబు వచ్చింది: సదరు వ్యక్తి నిర్దోషి అని తమరు తెలుపుచున్నందున, అందుకు ఆధారముగా తీర్పు నకలు జతపరచవలెను. నకలు కోసం అద్దాల భవనానికి పోతే, చిన్న నేరాల కట్టలన్నిటినీ నిబంధనల ప్రకారం ఎప్పుడో కాగితం మిల్లుకు అమ్మేశామన్నారు. గమనించండి. ఒక మనిషిని ముద్దాయి అన్న కేక ఈ నగరపు వారసత్వం. దాన్ని రాతి దిమ్మెలో భద్రపరిచారు. ఆ మనిషి ముద్దాయి కాదన్న మాట చెత్త. దాన్ని తూకానికి అమ్మారు. ఏది దాచాలో, ఏది పారేయాలో నిర్ణయించేవారికి ఈ తేడా తెలియదనుకోవడానికి వీల్లేదు. తెలిసీ పట్టలేదు.

ఇక కంచు దిమ్మె దగ్గరకే వెళ్ళి నిలబడ్డాడు.

మొదట బతిమాలాడు. "బాబూ, దీన్ని నొక్కకండి. మిగతావన్నీ నొక్కుకోండి." నొక్కవద్దన్న మీటను నొక్కకుండా పోయిన మనిషి ఒక్కడూ కనిపించలేదు. ఊరికే దాటిపోయేవాళ్ళు కూడా వెనక్కి వచ్చి నొక్కారు. దాంతో పద్ధతి మార్చాడు. రికార్డింగు ముగియగానే, వరండా మెట్టు మీద నిలబడి, గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడు మీరు విన్న ముద్దాయి నిర్దోషి! అదే రోజు సాయంత్రం ఈ గదిలోనే తీర్పు చెప్పారు. ఆ మాట ఈ రాయి చెప్పదు, నేను చెబుతున్నాను!"

జనం చప్పట్లు కొట్టారు. నడకలో ఇదీ ఒక భాగమనుకున్నారు. రాతిలోంచి వచ్చిన గొంతే ఎదురుగా మనిషిలోంచి రావడం వాళ్ళకు గొప్ప వింతగా తోచింది. "ఏమి ఏర్పాటు చేశారండీ!" అని ఒకాయన మెచ్చుకుని ఆయన చేతిలో నాణెం పెట్టబోయాడు. కంచు ఆ చెయ్యి తోసేశాడు. "నేను నాటకాల మనిషిని కాను. వాడి అన్నని!" అన్నాడు. ఆ మాటకు ఇంకా గట్టిగా చప్పట్లు పడ్డాయి.

పొద్దున వచ్చి, ఎండ నెత్తి మీదకు ఎక్కినా కదలక, గ్రంథాలయం మూసేవేళ దాకా అలా చెబుతూనే ఉండేవాడు. మధ్యలో గుంపు రాకపోతే ఆగలేక పురభవనం దాకా ఎదురు వెళ్ళి, వచ్చేవాళ్ళ వెనకే ఇత్తడి బిళ్ళలు తొక్కుకుంటూ తిరిగివచ్చేవాడు. విభాగం దాన్నీ గమనించింది. నోటీసు వచ్చింది. ఇది మార్గదర్శి లేని నడక అనీ, అనుమతి లేకుండా సందర్శకులకు మార్గదర్శకత్వం వహించడం నిబంధనలకు విరుద్ధమనీ దాని సారాంశం.

"నేనెవరికి దారి చూపించానమ్మా?" అని అడిగాడు, నోటీసు బల్ల మీద పరిచి.

"మీరు వివరణ ఇస్తున్నారు కదండీ."

"తప్పు చెబితే వారసత్వం, ఒప్పు చెబితే వివరణా?"

అమ్మాయి తల దించుకుంది. "నేను పైకి రాశాను తాతగారూ. మళ్ళీ రాస్తాను."

ఇంట్లో భార్య ఆ నోటీసు చదివి మడిచి ఇచ్చేసింది. "మీ గొంతు విన్నారా ఎలా అయిపోయిందో? రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసినట్టుంది. మానండి ఇక."

"మానితే వాడు ముద్దాయిగానే ఉండిపోతాడే."

"మానకపోతే?"

ఆ ప్రశ్నకు జవాబు మరదలు తెచ్చింది. ఆ సంబంధం తప్పిన ఏళ్ళ తరవాత తమ్ముడు కట్టుకున్న ఇల్లాలు. కొట్టులో బొత్తాలు కుడుతుంది, ఎవరి జోలికీ పోని మనిషి. ఒక పొద్దున కోర్టు మెట్ల దగ్గరికి నేరుగా వచ్చి, జనం వెళ్ళేదాకా పక్కన నిలబడి, అప్పుడు అంది:

"బావగారూ, మీకు దణ్ణం పెడతాను, ఇక చాలించండి."

"నేను వాడి మంచికేనమ్మా..."

"తెలుసండీ. కానీ మీరు నిర్దోషి అని అరిచిన ప్రతిసారీ జనం ఏమంటున్నారో విన్నారా? 'ఏ నేరం చేశాడట?' అంటున్నారు. మీరు చెప్పనంతసేపూ అది ఎవరిదో పాత పేరు. మీరు చెప్పాక టీకొట్టులో ఆరా తీస్తున్నారు, అది దొంగతనం అయింది. సందులోకి వచ్చి మరీ చూస్తున్నారు. ఆయన మిషను ఆపేసి, కోట్ల వెనక స్టూలు వేసుకుని కూర్చుంటున్నారు. నిన్న ఒక గౌను కూడా పూర్తి చెయ్యలేదు."

కంచు మెట్టు మీద కూర్చుండిపోయాడు. చెప్పినా తప్పే, చెప్పకున్నా తప్పే. అరిస్తే తమ్ముడు దాక్కుంటున్నాడు, అరవకపోతే ఆ రాయి అరుస్తుంది. లేచి ఇంటికి పోవాలనుకున్నాడు. నాలుగు అడుగులు వేసి వెనక్కి వచ్చాడు. మళ్ళీ బయలుదేరి తపాలా కార్యాలయం దాకా పోయి, అక్కడ ఎర్రపెట్టె పక్కన ఆగి, చెవి కోర్టు వైపు పెట్టాడు. పిలుపు వినపడగానే కాళ్ళు వాటంతట అవే తిరిగాయి.

మరునాడు రాకూడదనుకుంటూనే వచ్చాడు. గొంతు పూర్తిగా పూడుకుపోయింది. రాత్రి భార్య పట్టించిన కషాయం ఏమీ పని చేయలేదు. సరే, మాట్లాడకపోవడమే మంచిది, ఊరికే నిలబడతాననుకున్నాడు. పొద్దెక్కాక ఒక పెద్ద గుంపు వచ్చింది, చేతుల్లో కరపత్రాలు, నెత్తిన గొడుగులు. ముందున్న ఆవిడ మీట నొక్కింది. ముద్దాయి, పేరు, తండ్రి పేరు. మూడుసార్లు. పావురాలకు అలవాటైపోయింది, ఒక్కటీ ఎగరలేదు.

"ఈ తాతగారే ఏదో చెబుతారట, మా పక్కింటివాళ్ళు చెప్పారు," అంది ఆవిడ, ఆయన్ని చూసి. "చెప్పండి తాతగారూ. ఆ ముద్దాయి ఎవరు? ఏం దొంగిలించాడు?"

'దొంగిలించాడు' అన్న మాటకు కంచు చివాలున లేచాడు. నోరు తెరిచాడు. గాలి మాత్రమే వచ్చింది. మెడ నరాలు ఉబ్బాయి, ముఖం ఎర్రబడింది, చెయ్యి గాలిలో అడ్డంగా ఊగింది. మళ్ళీ ప్రయత్నించాడు. జనం ఒక అడుగు వెనక్కి వేశారు. "అయ్యో, ఆయనకి ఏదో అవుతోంది, నీళ్ళు, నీళ్ళు," అన్నారెవరో.

"ఏమీ కాలేదండీ. అరిచి అరిచి గొంతు పోయింది, అంతే."

సందు మొగదల తమ్ముడు నిలబడి ఉన్నాడు. మెడలో కొలతల టేపు, వేళ్ళకు సుద్ద. ఇంతకాలంగా ఆ గోడ ఇటువైపుకు రాని మనిషి. ఎండకు కళ్ళు చిట్లించుకుంటూ దిమ్మె దగ్గరికి వచ్చాడు.

"మీరు అడిగిన ముద్దాయిని నేనే. ఆ పేరు నాదే, ఆ తండ్రి పేరు మా నాన్నదే. నల్లగుడ్డ తాను పోయిందన్నారు. నేను తియ్యలేదు. యజమాని బావమరిదే అమ్ముకున్నాడని లోపల తేలింది. లోపలున్న నలుగురికీ తెలిసింది. ఇప్పుడు మీకూ తెలిసింది. ఇంకా ఎవరికైనా అనుమానం ఉంటే సందులోకి రండి, రెండో కొట్టు. మిషను వెనకే ఉంటాను."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గొడుగు ఆవిడ కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టింది.

"మరి ఈయన?" అంది చివరికి.

"నన్ను పిలిచినాయన. మా అన్నయ్య."

గుంపు నెమ్మదిగా గ్రంథాలయం వైపు కదిలింది. అన్నదమ్ములు మిగిలారు. తమ్ముడు చేతుల సుద్ద దులుపుకున్నాడు.

"రేపట్నుంచి నువ్వు రావద్దు. వచ్చినా నోరెత్తొద్దు. నా పేరు సంగతి నేను చెప్పుకుంటాను, తెలిసిందా? ఇన్నాళ్ళూ నువ్వే పిలుస్తావు, నువ్వే తీర్పు చెబుతావు. నేనొకణ్ణి ఉన్నానన్న మాట ఎవడికన్నా తోచిందా?"

కంచు ఏదో అనబోయాడు.

"అనకు. ముందు ఆ గొంతు సంగతి చూడు. కొట్లో వేడినీళ్ళున్నాయి, కావాలంటే వచ్చి తాగు." చెప్పి వెనక్కి తిరిగాడు. వస్తున్నాడో లేదో చూడలేదు. కంచు వెంట నడిచాడు, అడుగులో అడుగు పడకుండా, సందు మలుపు తిరిగేదాకా.

అంతలో గోడ అవతల మళ్ళీ ఎవరో నొక్కారు.

కంచు కాళ్ళు ఆగిపోయాయి. తమ్ముడూ ఆగాడు. మొదటి పిలుపు వాళ్ళ నెత్తి మీంచి పోయింది. తమ్ముడు నిట్టూర్చి, టేపు మెడ చుట్టూ ఇంకో చుట్టు తిప్పుకుని, అన్నను దాటుకుని వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

"ఉన్నానండీ, వస్తున్నా!"

సన్నటి గొంతు. గోడ దాటదు. వెనక వరసలో ఉన్నవాళ్ళకు వినపడదని కంచుకు వెంటనే తెలిసిపోయింది. ఆ మాట ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తను పాత గొంతుతో అందుకుని అనగలిగితే వీధి చివర దాకా పోతుంది. నోరు తెరిచాడు. మూసుకున్నాడు. కొట్టు ఇటు, కోర్టు అటు. గోడ అవతల తమ్ముడు ఏదో చెబుతున్నాడు. మాటలు తెలియడం లేదు, ఎవరో మధ్యలో అడ్డుతగులుతున్నారు, తమ్ముడు మళ్ళీ మొదటినుంచి చెబుతున్నాడు. కంచు గోడకు చెయ్యి ఆనించి, పెదవులు బిగబట్టి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటూ, సందు మధ్యలో అలాగే నిలబడి ఉన్నాడు.